హాల్లో సముద్రం, బయట మే నెల

సముద్రపు చేపల్ని పెంచే వంద లీటర్ల ఉప్పునీటి ట్యాంక్ ఒకటి ఇంట్లో ఉందనుకుందాం. సముద్రపు లెక్కన లీటరుకు 35 గ్రాముల చొప్పున అందులో మూడున్నర కిలోల ఉప్పు కరిగి ఉంటుంది. ఎండాకాలంలో పైన చిన్న ఫ్యాన్ తిరుగుతుంటే రోజుకు రెండు లీటర్లు ఆవిరైపోవడం పెద్ద విశేషమేమీ కాదు. నీళ్ళు పోతాయి గానీ ఉప్పు పోదు. పది రోజులు ఎవరూ పట్టించుకోకపోతే మిగిలిన 80 లీటర్లలో అదే మూడున్నర కిలోలు ఉంటుంది, అంటే లీటరుకు దాదాపు 44 గ్రాములు. ఇంకొకాయన శ్రద్ధ గల మనిషి. తగ్గిన నీళ్ళు రోజూ నింపుతాడు. కాకపోతే ‘ఇది ఉప్పునీటి ట్యాంకే కదా’ అని ఉప్పు కలిపిన నీళ్ళే పోస్తాడు. పది రోజుల్లో మరో 700 గ్రాముల ఉప్పు లోపలికి వెళ్ళి లెక్క 42కి చేరుతుంది. అసలు పట్టించుకోనివాడు, తప్పుగా పట్టించుకున్నవాడు ఇద్దరూ ఇంచుమించు ఒకే చోట తేలారు. ఆవిరైన నీటికి బదులు పోయాల్సింది ఉప్పు లేని శుద్ధమైన నీళ్ళు.

మొదటిసారి మెరైన్ ట్యాంక్ పెట్టాలనుకునేవాళ్ళు షాపులో ముందు చేపల్ని చూస్తారు, తర్వాత నీలం లైటును చూస్తారు. డబ్బులూ అదే వరసలో ఖర్చవుతాయి. కానీ మన దగ్గర ఈ ట్యాంకులను చాలావరకు దెబ్బతీసేది నీళ్ళు, ఎండ, కరెంటు. బడ్జెట్ ఈ మూడింటి దగ్గర మొదలై చేపల దగ్గర ముగియాలి.

గప్పీలు, గోల్డ్ ఫిష్ పెంచిన అనుభవం ఇక్కడ కొంతే పనికొస్తుంది. కొన్నిచోట్ల తప్పుదారి కూడా పట్టిస్తుంది. మంచినీటి చేపల్లో చాలా రకాలు మార్పులకు అలవాటుపడ్డవే. చెరువు ఎండిపోతుంటే బురదలోనే రోజులు నెట్టుకొచ్చే కొర్రమేను సంగతి పల్లెల్లో అందరికీ తెలుసు. పగడపు దిబ్బల మీద బతికే చేపకు అలాంటి అవసరం రాలేదు. అక్కడి నీళ్ళలో ఉప్పు, వేడి రోజురోజుకూ పెద్దగా మారవు.

పైగా రెండింటి ఒంటి లెక్కే వేరు. మంచినీటి చేప ఒంట్లో బయటి నీటి కంటే ఉప్పు ఎక్కువ కాబట్టి నీళ్ళు వాటంతటవే లోపలికి వస్తాయి. వాటిని బయటికి తోసేయడమే దాని పని. సముద్రపు చేపకు ఇది తలకిందులు. ఒంట్లోని నీటిని చుట్టూ ఉన్న ఉప్పు లాగేసుకుంటూ ఉంటుంది. అందుకని అది రోజంతా సముద్రాన్ని తాగుతూ, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా బయటికి పంపుతూ బతకాలి. మంచినీటి చేప నీళ్ళలో ఉంటుంది, సముద్రపు చేప నీళ్ళు తాగి ఉంటుంది. ఆ నీళ్ళలో ఏదైనా తేడా ఉంటే కడుపులోకే పోతుంది.

మూడో తేడా అమ్మోనియాది. చేప విసర్జన, మిగిలిపోయిన మేత కుళ్ళితే వచ్చేది అమ్మోనియానే. అది నీళ్ళలో రెండు రూపాల్లో ఉంటుంది, అందులో ఒకటే బాగా విషం. పీహెచ్ 7 దగ్గర ఉండే మంచినీటి ట్యాంక్‌లో ఆ విషపు రూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8.2 ఉండే ఉప్పునీటిలో అది పది రెట్లకు పైగా పెరుగుతుంది. టెస్ట్ కిట్‌లో ఒకే అంకె కనిపించినా గప్పీ తట్టుకుంటుంది, క్లౌన్ ఫిష్ తట్టుకోదు. అమ్మోనియా నుంచి తర్వాతి మెట్టులో తయారయ్యే నైట్రైట్ విషయంలో మాత్రం ఉప్పునీళ్ళదే పైచేయి. నీటిలోని క్లోరైడ్ దాన్ని చేప ఒంట్లోకి పోనివ్వదు కాబట్టి మంచినీటి చేపలను భయపెట్టే నైట్రైట్ ఇక్కడ అంత హాని చేయదు.

ట్యాంక్ ఎంత పెద్దదైతే అంత తేలిక. చిన్నదైతే ఖర్చు, చాకిరీ రెండూ తక్కువనుకోవడం సహజమే. కానీ రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ట్యాంక్‌లో పట్టేది 56 లీటర్లు. రాళ్ళు, ఇసుక పోను 45 కూడా మిగలదు. అందులో ఒక నత్త చచ్చి కుళ్ళినా తెల్లారేసరికి నీళ్ళు పాడవుతాయి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న ట్యాంక్‌లో 190 లీటర్లు పడతాయి. అదే నత్త అందులో చచ్చినా తేరుకునే వ్యవధి ఉంటుంది. అద్దెకు ఫ్లాట్‌లో ఉండేవాళ్ళు బరువు కూడా చూసుకోవాలి. నీళ్ళు, గాజు, రాయి, స్టాండ్ అన్నీ కలిపితే రెండున్నర క్వింటాళ్ళకు పైనే, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు పది ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. దాన్ని గోడ వారగా, బీమ్‌కు దగ్గరగా, కిటికీ ఎండ పడని చోట పెట్టాలి. నీళ్ళు పోశాక జరపడం కుదరదు.

ఏ నీళ్ళు, ఏ ఉప్పు

హైదరాబాద్‌లో చాలాచోట్ల బోరు నీళ్ళ టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాల కొలత) ఐదారు వందలు ఉంటుంది, కొన్నిచోట్ల వెయ్యి దాటుతుంది. ‘ఇంట్లో ఆర్‌ఓ ఉందిగా’ అనే ధీమా ఇక్కడే దెబ్బతీస్తుంది. ఆర్‌ఓ పొర కరిగి ఉన్నవాటిలో 95 శాతం తీసేసిందనుకుందాం. 800 టీడీఎస్ నీళ్ళలో ఇంకా 40 మిగులుతుంది. దానికితోడు తాగే నీళ్ళ మెషీన్లలో రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది. అది శుద్ధి చేసిన నీళ్ళలో కొన్ని మామూలు నీళ్ళను మళ్ళీ కలుపుతుంది, లేదా మినరల్ కాట్రిడ్జ్ గుండా పంపుతుంది. మనుషులకు అది బాగానే ఉంటుంది. ట్యాంక్‌కు మాత్రం ఆ మిగిలిన దాంట్లో ఏముందన్నదే సమస్య. నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్ ఉంటే నాచుకు పండగ. పాత ఇత్తడి నల్లా నుంచి కాస్త రాగి దిగినా రొయ్యలు, నత్తలు బతకవు. అందుకే ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ గొట్టం తప్పనిసరి. ఆ గొట్టం దాటి వచ్చిన నీళ్ళలో టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి. రెండు, మూడు చూపించడం మొదలైతే రెజిన్ మార్చే టైమ్ వచ్చినట్టు. మీటరు ఖరీదు వందల్లోనే ఉంటుంది. మొత్తం సామానులో ఇంత చవగ్గా ఇంత మేలు చేసేది ఇంకోటి లేదు.

ఉప్పు దగ్గర అందరికీ వచ్చే ప్రశ్న ఒకటుంది. సముద్రపు నీళ్ళు ఎండబెడితేనే కదా కల్లుప్పు వచ్చేది, దాన్నే మళ్ళీ నీళ్ళలో కలిపితే సముద్రం రాదా? రాదు. కారణం నౌపడ లాంటి చోట్ల ఉప్పు మడుల్లో కళ్ళారా చూడొచ్చు. నీళ్ళు ఎండుతున్నకొద్దీ అన్నీ ఒకేసారి గడ్డకట్టవు. ముందు సున్నం, జిప్సమ్ విడిపోతాయి. కాల్షియం చాలావరకు అక్కడే ఆగిపోతుంది. తర్వాత మడిలో తెల్లగా పేరుకునేది ఉప్పు. చివర మిగిలే చేదు నీళ్ళలో మెగ్నీషియం ఉంటుంది, వాటిని బయటికి వదిలేస్తారు. ముందూ వెనకా ఉన్న సరుకు అంతా తీసేశాక మిగిలిన నడిమి భాగమే మన చేతికొచ్చే కల్లుప్పు. అసలు సముద్రపు నీళ్ళలో లీటరుకు 400 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, దాదాపు 1300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. అక్వేరియం ఉప్పు డబ్బాలకు అంత ధర ఉండేది వాటిని తగిన పాళ్ళలో తిరిగి కలిపి ఇవ్వడానికే. వంద లీటర్లకు మూడున్నర నుంచి నాలుగు కిలోలు పడుతుంది. బకెట్‌లో వేరుగా కలిపి, మోటారు పెట్టి తిప్పి, పూర్తిగా కరిగాక కొలిచి పోయాలి. చేపలున్న ట్యాంక్‌లో నేరుగా ఉప్పు వేయకూడదు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ వాడితే దాన్ని 35 దగ్గర సరిచూసే ద్రావణం కూడా కొనుక్కోవాలి. సున్నా దగ్గర సరిపోయిన పరికరం 35 దగ్గర తప్పు చూపించడం మామూలే.

విశాఖలోనో కాకినాడలోనో ఉన్నవాళ్ళకు ఇంకో ఆశ ఉంటుంది. నాలుగు క్యాన్లు పట్టుకుని బీచ్‌కు వెళ్తే సరిపోదా అని. కుదరదని కాదు. కానీ బంగాళాఖాతం తీరం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వానాకాలం చివర్లో గోదావరి, కృష్ణ, మహానది, గంగ తెచ్చి పోసే మంచినీళ్ళతో ఒడ్డు దగ్గర పైపొరలో ఉప్పు లీటరుకు 30 గ్రాముల కంటే దిగిపోతుంది. ఒడ్డున మురుగు, పడవల డీజిల్ సంగతి సరే సరి. కంటికి కనిపించని ప్రాణులెన్నో ఆ నీళ్ళతో పాటు క్యాన్‌లోకి వస్తాయి, చీకట్లో చచ్చి కుళ్ళుతాయి. ప్రతి నెలా ఇదే పని ఎవరు చేస్తారన్నది ఇంకో ప్రశ్న. మొదటి ట్యాంక్‌కు డబ్బా ఉప్పే మేలు.

రాయి, ఇసుక, రొయ్య ముక్క

విదేశాల్లో తీసిన వీడియోలు చూసి ‘లైవ్ రాక్’ (సముద్రంలోంచి బ్యాక్టీరియాతో సహా తీసిన పగడపు రాయి) కోసం వెతికేవాళ్ళు ఒక విషయం తెలుసుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి గట్టి పగడాలన్నిటికీ మన దేశంలో పులికున్నంత రక్షణ ఉంది. సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలకు కూడా ఆ చట్టం రక్షణ ఉంది. మన్నార్ సింధుశాఖ నుంచి ఎవరో తెచ్చిన పగడపు రాయి అని చెప్పి అమ్మితే, కొన్నవాడూ చిక్కుల్లో పడతాడు. శిక్ష మూడేళ్ళకు తక్కువ కాని జైలు. చట్టం మాట పక్కన పెట్టినా ఆ రాయి అవసరమే లేదు. ట్యాంక్‌కు కావాల్సింది రాయి లోపలి సన్నటి రంధ్రాలు, వాటిలో కాపురం పెట్టే బ్యాక్టీరియా. సిరామిక్ రాయి, ఎండు సున్నపు రాయి (అరగొనైట్) ఆ పని చేస్తాయి. కాస్త ఓపిక ఎక్కువ పట్టాలి, అంతే.

ఆ ఓపికకే ‘సైకిల్’ అని పేరు. ఒకరకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, మరో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ రెండూ రాళ్ళలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వాటికి తిండి కావాలి కాబట్టి పాత కాలపు పద్ధతి ఒకటుంది. మార్కెట్‌లో పచ్చి రొయ్య ఒకటి కొని, చిన్న ముక్క కోసి, పాత సాక్సులో కట్టి ట్యాంక్‌లో వేలాడదీస్తారు. మూడో రోజుకు అది తెల్లగా మెత్తబడి చుట్టూ పొగలాంటి పొర కడుతుంది, మూత తీస్తే ఇంట్లోవాళ్ళు ముక్కు మూసుకుంటారు. అమ్మోనియా టెస్ట్ ట్యూబులో పసుపు రంగు రోజురోజుకూ ఆకుపచ్చకు తిరుగుతుంది. రెండో వారంలోనో మూడో వారంలోనో ఒకరోజు ఆకుపచ్చ మళ్ళీ పసుపుకు దిగుతుంది, ఈలోపు నైట్రైట్ ట్యూబు ముదురు ఊదాకు మారి ఉంటుంది. అది కూడా తగ్గి నైట్రేట్ మాత్రమే కనిపిస్తే పని పూర్తయినట్టు. రొయ్య వాసన భరించలేనివాళ్ళు అమ్మోనియం క్లోరైడ్‌ను కొలిచి వేసుకోవచ్చు. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా గడువును కొంత తగ్గిస్తుంది గానీ టెస్ట్ కిట్ పనిని తప్పించదు.

సైకిల్ అయ్యాక ఇసుక మీద టీ పొడి చల్లినట్టు గోధుమ రంగు పేరుకుంటుంది. ‘అంతా పాడైంది’ అని టెన్షన్ పడి మొత్తం కడిగేస్తే కథ మళ్ళీ మొదటికొస్తుంది. అవి డయాటమ్‌లు, కంటికి విడిగా కనిపించని ఒక రకం నాచు. నీళ్ళలోని సిలికేట్ తిని పెరుగుతాయి, అది అయిపోయాక వాటంతటవే పోతాయి. తర్వాత ఆకుపచ్చ నాచు వస్తుంది, దానికి నాలుగు టర్బో నత్తలు చాలు.

కూలర్ పనిచేసే ఊరు, పనిచేయని ఊరు

ట్యాంక్ ఉండాల్సిన వేడి 24 నుంచి 27 డిగ్రీలు. మే నెలలో గదిలోనే 35 ఉంటుంది, దానికి మోటార్లు, లైట్లు ఇంకాస్త వేడి కలుపుతాయి. అమెరికాలోనో యూరప్‌లోనో తయారైన గైడ్లు హీటర్ గురించి పేజీలకు పేజీలు రాస్తాయి. ఇక్కడ దాని అవసరం డిసెంబరు, జనవరి రాత్రుల్లో తప్ప రాదు. మనకు కావాల్సింది చల్లబరచడం.

చవకైన మార్గం నీటి ఉపరితలం మీదికి ఫ్యాన్ తిప్పడం. ఒక లీటరు నీరు ఆవిరయ్యేటప్పుడు తనతో తీసుకుపోయే వేడి, వంద లీటర్ల నీటిని దాదాపు ఆరు డిగ్రీలు చల్లబరచడానికి సరిపోతుంది. గదిలోని వేడి అంతలోనే తిరిగి చేరుతుంటుంది కాబట్టి నికరంగా దక్కేది రెండు, మూడు డిగ్రీలు. అది కూడా ఊరిని బట్టి. హైదరాబాద్‌లో ఎయిర్ కూలర్ పెట్టుకుంటే ప్రాణం లేచొస్తుంది, విశాఖలో అదే కూలర్ పెడితే ఒళ్ళు జిడ్డవుతుంది. ట్యాంక్ మీద ఫ్యాన్‌ది సరిగ్గా ఇదే కథ. గాలి 40 డిగ్రీల వేడితో, పాతిక శాతం తేమతో ఉంటే ఆవిరి ద్వారా నీళ్ళు సిద్ధాంతపరంగా 24 డిగ్రీల దాకా దిగగలవు. గాలి 35 డిగ్రీలతో, 70 శాతం తేమతో ఉంటే ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా 30కి కిందకు రావు. అంటే వేడి తక్కువగా కనిపించే సముద్రపు ఊరే మెరైన్ ట్యాంక్‌కు ఎక్కువ కష్టమైన ఊరు. విశాఖ, చెన్నై, ముంబయిలో చిల్లర్ (నీటిని చల్లబరిచే మెషీన్) లేకుండా మే నెల గడవడం కష్టం. హైదరాబాద్, వరంగల్, కర్నూలులో ఫ్యాన్‌తో, అవసరమైన పూట ఏసీతో ఎల్‌ఈడీ లైట్ల ట్యాంక్‌ను నెట్టుకురావచ్చు. కాకపోతే ఫ్యాన్ పెట్టిన ఇంట్లో రోజుకు రెండు మూడు లీటర్ల శుద్ధమైన నీళ్ళు పోయక తప్పదు.

చిల్లర్ కొన్నవాళ్ళు చేసే పొరపాటు దాన్ని స్టాండ్ కింద అల్మరాలో పెట్టి తలుపులు మూసేయడం. అది ట్యాంక్‌లోంచి తీసిన వేడిని బయటికి ఊదుతుంది. ఆ వేడి పోయే దారి లేకపోతే తాను ఊదిన వేడినే తిరిగి పీలుస్తూ ఆగకుండా తిరుగుతుంది, కరెంటు బిల్లు ఒక్కటే పెరుగుతుంది.

కరెంటు పోయినప్పుడు ముందు వచ్చే ప్రమాదం వేడి కాదు, ఊపిరి. ఒకే వేడిలో మంచినీటి కంటే ఉప్పునీటిలో ఆక్సిజన్ ఇంచుమించు ఐదో వంతు తక్కువ కరుగుతుంది, వేడి పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. మోటారు ఆగి నీటి పైపొర కదలకుండా ఉంటే, చేపలు ఎక్కువున్న ట్యాంక్‌లో కొద్ది గంటల్లోనే అవి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. నీటిని తిప్పే వేవ్‌మేకర్‌కు పట్టేది పది, ఇరవై వాట్లే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ముందు వేవ్‌మేకర్ వైరు దానికి కలపాలి, లైట్లు ఆగినా పర్వాలేదు. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి డ్రాయర్‌లో ఉండటం మంచిది. ఏదీ లేకపోతే చెంబుతో నీళ్ళు ముంచి ఎత్తు నుంచి పోస్తూ ఉండటమే. నవ్వొచ్చే పనేమీ కాదది. 1846లో ఇంగ్లండ్ తీరం నుంచి లండన్‌కు పగడాలు తెచ్చి పెంచిన అన్నా థిన్ ఇంట్లో పనమ్మాయి కిటికీ ముందు నిలబడి ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఆ నీళ్ళు పోసేది. కరెంటే లేని కాలంలో ఇంటి అక్వేరియం అలా బతికింది.

చివరికి చేపలు

మొదటి చేపలుగా క్లౌన్ ఫిష్ జంటను మించినవి దొరకడం కష్టం. సినిమా వల్ల పిల్లలందరికీ ‘నీమో’గా తెలుసు. ఇవి హ్యాచరీల్లో పుట్టి పెరిగినవి దొరుకుతాయి. కొచ్చి కేంద్రంగా ఉన్న కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ మన దేశంలోనే వీటితో గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచే పద్ధతులు తయారుచేసింది. సముద్రంలో పట్టిన చేప కంటే హ్యాచరీ చేప గుళికల మేత తొందరగా తింటుంది, గాజు గోడలకు బెదరదు. పక్కన ఎనిమోన్ (సముద్రంలో ఇవి ఆశ్రయం పొందే, పువ్వులా కనిపించే ప్రాణి) ఉండాలన్న నియమం కూడా లేదు. పాత ట్యాంక్‌లో, మంచి లైటు కింద తప్ప ఎనిమోన్ బతకదు. చచ్చిపోతే ట్యాంక్ మొత్తాన్ని తీసుకుపోతుంది. క్లౌన్‌లన్నీ మగవిగానే ఎదుగుతాయి, గుంపులో పెద్దది ఆడదవుతుంది. అది చనిపోతే దాని జతగాడే ఆడదిగా మారతాడు. కాబట్టి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది చూసి కొంటే జంట కుదిరినట్టే. బాగా చూసుకుంటే పదేళ్ళకు పైగా ఉంటాయి. పిల్లాడి ఐదో తరగతిలో కొన్న చేప ఇంజినీరింగ్‌లో చేరేదాకా ఉండొచ్చన్నమాట.

నీలం డాంసెల్ చవకగా దొరుకుతుంది, గట్టిది కూడా. కానీ అది ట్యాంక్ మొత్తం తన ఆస్తిగా భావించి తర్వాత వచ్చిన ప్రతి చేపనూ తరుముతుంది, తీసేద్దామంటే రాళ్ళన్నీ పీకాలి. సినిమాలోని నీలం ‘డోరీ’ ఒక అడుగు దాకా పెరుగుతుంది, మూడడుగుల ట్యాంక్ దానికి ఇరుకు గది. మాండరిన్ చేప ఎంత ముద్దొచ్చినా రాళ్ళ మీద పుట్టే సన్నటి ప్రాణులే దాని తిండి, కొత్త ట్యాంక్‌లో ఆకలితో చస్తుంది. షాపులో నచ్చిన చేప కనబడితే ముందు మేత వేయించి చూడాలి. తినని చేపను ఎంత తగ్గించి ఇచ్చినా కొనకూడదు.

కొన్న చేపను నేరుగా ట్యాంక్‌లో వదలడం ఇంకో పెద్ద తప్పు. ఉప్పునీటి తెల్లమచ్చల రోగం ట్యాంక్‌లోకి వచ్చిందంటే చేపలన్నిటినీ బయటికి తీసి, ట్యాంక్‌ను రెండున్నర నెలల దాకా చేపల్లేకుండా ఉంచితే తప్ప పోదు. దానికి మందు రాగి, ఆ రాగి నత్తలకూ రొయ్యలకూ విషం కాబట్టి ట్యాంక్‌లో వేయలేరు. ఒక పాత ఇరవై లీటర్ల ట్యాంక్, స్పాంజి ఫిల్టర్, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్క ఉంటే చాలు, నెల రోజులు కొత్త చేపను అక్కడే చూడొచ్చు. చాలామంది దీన్ని మొదటిసారి దాటేస్తారు, రెండోసారి దాటేయరు.

స్కిమ్మర్ గురించి ఒక్క మాట. అలల అంచున నురగ పేరుకున్నట్టు, నీళ్ళలోని మురికిని బుడగలకు అంటించి కప్పులోకి తోస్తుందది. రెండు మూడు చిన్న చేపలున్న ట్యాంక్‌లో పదిహేను రోజులకోసారి పది, పదిహేను శాతం నీళ్ళు మార్చేవాళ్ళు మొదటి ఏడాది అది లేకుండా గడపొచ్చు. ఆ డబ్బు డీఐ గొట్టానికో చిల్లర్‌కో పెడితే మేలు.

రోజువారీ పని నిజానికి పది నిమిషాలే. గాజు మీద మార్కర్‌తో నీటి మట్టం గీసుకుని, తగ్గినంత శుద్ధమైన నీళ్ళు పోయడం, థర్మామీటరు చూడడం, రెండు నిమిషాల్లో తినేసేంత మేత వేయడం. కష్టమంతా ఊరెళ్ళినప్పుడే. సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్ళే ఇంట్లో తాళం చెవి పక్కింటివాళ్ళకు ఇచ్చి ‘కాస్త మేత వేయండి’ అని చెబితే, పాపం ఆకలేస్తుందేమోనని వాళ్ళు చేతికొచ్చినంత వేస్తారు. తిరిగొచ్చేసరికి నీళ్ళు తెల్లగా కలకబారి ఉంటాయి. మేతను ముందే రోజుకొకటి చొప్పున చిన్న పొట్లాలు కట్టి తేదీలు రాసి, మేత డబ్బా బీరువాలో దాచేయాలి. నీళ్ళ క్యాన్ ట్యాంక్ పక్కనే పెట్టి దాని మీద కాగితం అంటించాలి: ‘గీత దాకా ఈ నీళ్ళే పోయండి. ఉప్పు వేయకండి.’